ఖాళీ ట్యాంకు

పెట్రోలు వాసన మొదట పసిగట్టింది అమ్మ. "సాయంత్రం దీపం పెట్టేటప్పుడు కిరసనాయిలు లాంటి వాసనేదో కొడుతోందిరా" అని ఫోనులో రెండు మూడుసార్లు చెప్పింది. ఎవరో పక్కింటివాళ్ళు స్కూటరు కడుక్కుంటూ ఉంటారులే అని నేను కొట్టిపారేశాను. నాన్నగారికి ఎనభయ్యో యేడు. వాసనలు తెలియడం మానేసి చాలా కాలమయింది. కాబట్టి ఆయన సాక్ష్యం పనికిరాదు.

2023 మే నెలలో వారం రోజులు సెలవు పెట్టి శ్రీకాకుళం వెళ్ళాను. రిక్షా దిగుతుండగానే వాసన నాకూ తగిలింది. సామాను వరండాలో పడేసి తిన్నగా కారుషెడ్డులోకి వెళ్ళాను. అంబాసిడరు వెనక భాగం కింద, సిమెంటు గచ్చు మీద, విస్తరాకంత తడి మరక. మరక మధ్యలో నేను చూస్తుండగానే ఒక బొట్టు పడింది. లెక్కపెట్టాను. పద్దెనిమిది సెకన్లకు ఇంకొకటి.

షెడ్డుకు తలుపు లేదు. షెడ్డు వాకిలికి పది అడుగుల దూరంలో, రెండు మెట్లు పల్లంలో, అమ్మ తులసికోట. ఎన్నాళ్ళనుంచో ఆవిడ రోజూ సాయంత్రం అక్కడ దీపం పెడుతోంది.

* * *

ఆ కారు గురించి రెండు ముక్కలు చెప్పాలి. నాన్నగారు లెక్కల మాస్టారు. 1993లో ఎవరో వాడిన బండిని కొన్నారు. అరసవిల్లి, శ్రీకూర్మం, శాలిహుండం, ఒక్కసారి ఇచ్ఛాపురం దాటి బరంపురం దాకా: మా కుటుంబపు భూగోళమంతా ఆ బండి చక్రాల కిందనే ఉంది. అంబాసిడర్ల తయారీ బెంగాలులోని ఉత్తర్‌పాడా కర్మాగారంలో 2014 మే నెలలో ఆగిపోయింది. ఆ వార్త వచ్చిననాడు నాన్నగారు పేపరు మడిచిపెట్టి, బండి తుడిచి, ఏడు రోడ్ల కూడలి దాకా ఒక చుట్టు తిప్పి తెచ్చారని అమ్మ చెప్పింది. పదిహేనేళ్ళు దాటిన సొంత బండ్లకు అయిదేళ్ళకొకసారి రిజిస్ట్రేషను పునరుద్ధరించుకోవాలి గదా, ఆ గడువు జూన్లో. అంతలోగా బండి తయారు కావాలి. ఇదీ నా తొందర.

అసలు కారణం ఇంకొకటి ఉంది. ఆ గడువు దాటితే బండిని ఇనుము కింద అమ్మేద్దామని నేనూ, మా అక్కా ఏనాడో అనుకున్నాము. ఆ మాట నాన్నగారి చెవిన పడింది. ఆయన ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే ఆయన పద్ధతి. అందుకని, ఈ ట్యాంకు నేనే దగ్గరుండి బాగుచేయించాలని పంతం పట్టాను.

నాన్నగారు నింపాదిగా వచ్చి, మరక చూసి, "సబ్బు ఉందా?" అన్నారు. 1990లలో పెట్రోలు కారినప్పుడల్లా వారి వైద్యం అదే. బట్టల సబ్బును కాస్త తడిపి, మెత్తగా చేసి, చిల్లు మీద గట్టిగా రుద్దడం. సబ్బు నీటిలో కరుగుతుంది గాని పెట్రోలులో కరగదు. నరసన్నపేట దగ్గర ఒకసారి ఆ సబ్బే మమ్మల్ని ఇల్లు చేర్చింది. కాని అది ఇల్లు చేరడానికి మాత్రమే. నాలుగు వానలకో, నలభై గతుకులకో ఊడిపోతుంది. ఎపాక్సీ ముద్దలూ అంతే, లోపల తుప్పు తింటున్న రేకును అవి పైనుంచి ఎంతకాలం పట్టుకోగలవు?

"ఎందుకు నాన్నగారూ, పెట్రోలంతా తీసేసి, ట్యాంకు విప్పి, ఒక రోజు ఎండబెట్టి, రోడ్డు మీది వెల్డింగు దుకాణంలో టాకా వేయిస్తే సరిపోతుంది, పది నిమిషాల పని" అన్నాను.

ఈ వాక్యం నా నోటినుంచి వచ్చిందని ఇవాళ రాయడానికి సిగ్గుగా ఉంది. ఎందుకంటే నేను చదువుకున్నది రసాయన శాస్త్రం. హైదరాబాదులో ఒక మందుల కర్మాగారపు ప్రయోగశాలలో నా ఉద్యోగం. ద్రావకాలు నిలువచేసే గదుల దగ్గర వెల్డింగు చేయాలంటే అనుమతి పత్రం మీద సంతకం పెట్టేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అక్కడ ఆ కాగితం లేనిదే అగ్గిపుల్ల గీయనివ్వను. ఇంటికొచ్చేసరికి, నాన్నగారి కారు దగ్గర, ఆ చదువంతా చెప్పులతోపాటు గుమ్మం బయట విడిచేశాను.

* * *

మెకానిక్కు వచ్చాడు. నాన్నగారి దగ్గర ఎనిమిదో తరగతి దాకా చదివి, మధ్యలో మానేసి గ్యారేజీలో చేరినవాడు. ఇప్పుడు యాభై దాటాయి. నాన్నగారి ముందు ఇప్పటికీ చేతులు కట్టుకునే నిలబడతాడు. నా పథకమంతా విని, బండి కింద ఒక్కసారి వంగి చూసి లేచాడు.

"వెల్డింగుకి నానివ్వను బాబూ."

"ట్యాంకు ఖాళీ చేసేశాకే గదా?"

"నిండుగున్న ట్యాంకుకి నాను భయపడను. కాళీదానికే భయపడతాను."

కాసేపు ఆగి, మాతో కాక తులసికోటతో చెబుతున్నట్టుగా చెప్పాడు. బడి మానేసిన యేడు, జాతీయ రహదారి పక్కన ఒక షెడ్డులో పనికి కుదిరాడట. ఒక జీపు ట్యాంకుకు చిల్లు పడింది. పెట్రోలు ఒంపేసి, మూత తీసి, మూడు రోజులు ఎండలో పెట్టారు. అవి కూడా ఇలాంటి ఎండలే. ముక్కు పెట్టి చూస్తే వాసన కూడా లేదు. "నన్ను టీ కోసం పంపినారు మాస్టారూ. మూడు గళాసులు. నాను రోడ్డు దాటి ఇవతలకొచ్చీసరికి శబ్దమయినాది. పిడుగనుకున్నాను. ఎండలో పిడుగేటి అనుకున్నాను. మా మేస్త్రీ, ఆ వెల్డరు గుంటడు, ఇద్దరూ పోయినారు. గళాసులు ఒలకనేదు. నా సేతిలో అలగే ఉన్నాయి."

నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "ఆ యేడు నువ్వు గ్యారేజీ కూడా మానేసి ఊరంట తిరుగుతున్నావని విని, కనబడినప్పుడు నిన్ను తిట్టాను" అన్నారు.

"తిట్టినారండి" అన్నాడతను.

* * *

ఆ రాత్రి భోజనాలయ్యాక నాన్నగారు క్యాలెండరు కాగితం వెనకవైపు తిప్పి, పెన్సిలు తీసి, "నీ అంకెలు చెప్పు" అన్నారు.

చెప్పాను. పెట్రోలు ద్రవంగా మండదు, దాని ఆవిరి గాలితో కలిసి మండుతుంది. దాదాపు మైనస్ నలభై డిగ్రీల చలిలో కూడా అంటుకోగలిగినంత ఆవిరిని విడుస్తుంది. మన మే నెల సంగతి వేరే చెప్పనక్కరలేదు. గాలిలో ఆ ఆవిరి సుమారు 1.4 శాతం కంటే తక్కువుంటే అంటుకోదు. సుమారు 7.6 శాతం దాటితే, మండడానికి తగినంత ప్రాణవాయువు లేక, అప్పుడూ అంటుకోదు. నిండు ట్యాంకులో ద్రవం పైన ఉన్న కాస్త జాగాలో ఆవిరి ఈ రెండో హద్దుకు ఎంతో పైన ఉంటుంది. ట్యాంకు ఖాళీ చేసి మూత తీస్తే, గాలి లోపలికి పోయి, ఆ చిక్కదనం దిగి దిగి, సరిగ్గా ఆ రెండు హద్దుల నడుమకు వచ్చి కూర్చుంటుంది.

నాన్నగారు ట్యాంకు యాభై లీటర్లనుకున్నారు. 1.4 శాతమంటే 0.7 లీటరు ఆవిరి. "ఒక మోలు ఆవిరి ఎన్ని లీటర్లు?" గది ఉష్ణోగ్రత దగ్గర ఇరవై నాలుగున్నర. "మోలు బరువు?" పెట్రోలు మిశ్రమం కాబట్టి సుమారుగా నూరు గ్రాములనుకోండి. ఆయన భాగించారు, గుణించారు. దాదాపు మూడు గ్రాములు. ద్రవంగా చూస్తే నాలుగు మిల్లీలీటర్లు.

"ఒక చెంచాడు" అన్నారు. మళ్ళీ మొదటినుంచి చేసి చూసుకున్నారు. "ఒక్క చెంచాడు కూడా లేదురా."

ఆ చెంచాడు పెట్రోలు అతుకుల మడతల్లో, తుప్పు పొరల కింద ఎక్కడైనా దాగగలదు. ఎండ దాన్ని తీయలేకపోయినా, మూడు వేల డిగ్రీల గ్యాసు మంట రేకును తాకిన మరుక్షణం బయటికి లాగుతుంది. ఆ జీపు ట్యాంకులో వాసన లేకపోవడం ఎందుకు సాక్ష్యం కాలేదో అప్పుడు మాకు అంకెల్లో కనబడింది.

పెద్ద పెద్ద యంత్రాలకూ ఇదే సూత్రం. 1996 జులై 17న న్యూయార్కు దగ్గర సముద్రం మీద టీడబ్ల్యూఏ 800 విమానం పేలి 230 మంది మరణించారు. అమెరికా రవాణా భద్రతా సంస్థ నాలుగేళ్ళు దర్యాప్తు చేసి, దాదాపు ఖాళీగా ఉన్న మధ్య ట్యాంకులోని ఆవిరి అంటుకోవడమే కారణమని తేల్చింది.

అమ్మ ఇదంతా వింటూ, "మరి నా దీపం?" అంది.

పెట్రోలు ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు. పొగలాగా పైకి పోదు, నీళ్ళలాగా నేల మీద పాకి, పల్లం వెతుక్కుంటుంది. తులసికోట పల్లంలోనే ఉంది. విశాఖపట్నం రిఫైనరీలో 1997 సెప్టెంబరు 14 ఉదయం జరిగింది అమ్మకు గుర్తుంది. అక్కడ కారింది వంటగ్యాసు, పెట్రోలు కాదు. కాని అదీ గాలికంటే బరువైనదే. అంటుకున్నాక యాభై మందికి పైగా పోయారు. నేను ఈ మాటలు చెప్పడం పూర్తికాకముందే అమ్మ లేచి వెళ్ళి, మర్నాటికని సిద్ధం చేసుకున్న వత్తులూ అగ్గిపెట్టే దేవుడిగదిలో పెట్టేసి వచ్చింది. మరక తెల్లారేసరికి ఎంత పెద్దదవుతుందోనని, నాన్నగారి సబ్బునే అప్పటికి నమ్ముకుని, బొట్టు ఆపాము.

* * *

మర్నాడు ఎండెక్కకముందే పని మొదలైంది. ఏమేం చేశామో వరసగా చెబుతాను. అవసరం పడినవాళ్ళకు పనికొస్తుంది, అవసరం లేనివాళ్ళకు భయమైనా మిగులుతుంది.

బండి స్విచ్చి తాకకుండా, నలుగురం కలిసి తోసి, వాకిలి బయట ఖాళీ జాగాలోకి తెచ్చాం. మొదట బ్యాటరీ తీగ విప్పాం. వంటింట్లో పొయ్యి కట్టేసి, ఫోన్లన్నీ లోపల పెట్టాం. రెండు బకెట్ల ఇసుకా, ఒక పొడి రకం మంటలార్పే సిలిండరూ దగ్గర ఉంచుకున్నాం. పెట్రోలు మంట మీద నీళ్ళు పోస్తే పెట్రోలు తేలి మంట మరింత పరుచుకుంటుంది. జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా కింద చెక్క దిమ్మలు పెట్టాం.

పెట్రోలు తీయడానికి అతను అలవాటుగా గొట్టం నోట్లో పెట్టుకోబోయాడు. ఆపాను. గుక్కెడు ఊపిరితిత్తుల్లోకి పోతే ఆసుపత్రే గతి. చేతిపంపుతో, మూత ఉన్న ఇనుప డబ్బాలోకి తీశాం. ప్లాస్టిక్కు బకెట్టు వద్దన్నాను, రాపిడికి పుట్టే విద్యుత్తు చాలు నిప్పురవ్వకి. గేజి తీగ, గొట్టాలు, మూతి విప్పి ట్యాంకు దించాం.

ఇక్కడ మా ఇద్దరికీ చిన్న వాదం వచ్చింది. నడుస్తున్న బండి సైలెన్సరు పొగను గొట్టంతో ట్యాంకులోకి పట్టించి, లోపలి గాలిని తరిమేయడం అతని గ్యారేజీలో నేర్చిన విద్య. ఊహ మంచిదే, పొగలో ఎక్కువ భాగం మండని వాయువులే. కాని ఆ పొగలో కార్బన్ మోనాక్సైడు విషం ఉంటుంది, సరిగా మండని ఇంజను అయితే పెట్రోలూ ఉంటుంది, నిప్పురవ్వా రావచ్చు. పెద్ద షాపుల్లో బొగ్గుపులుసు వాయువు నింపుతారు. మనకది లేదు. "నీళ్ళయితే?" అన్నాను. "నీల్లయితే నాకూ నమ్మకమే" అన్నాడు.

మరిగే నీళ్ళలో చాకలి సోడా కలిపి ట్యాంకు నిండా పోసి, నాననిచ్చి, ఊపి, ఒంపాము. అలా అయిదుసార్లు. మొదటిసారి టీ డికాషను రంగు నీళ్ళు, వాటి మీద ఇంద్రధనుస్సు తెట్టు. అయిదోసారికి తేట. ఆ నీళ్ళను కాలువలోనో, నూతి పక్కనో పోయకుండా మూత ఉన్న పీపాలో పట్టి గ్యారేజీకి పంపాం. కాలువలో పోస్తే ఆవిరి వీధి వీధంతా తిరుగుతుంది.

తుప్పు ఎందుకు పట్టిందో అప్పుడు బోధపడింది. చిల్లులు మూడూ అడుగు మూలన, అతుకు వెంటే. సముద్రపు గాలి, ఎక్కువ రోజులు కదలకుండా నిలబడటం, సగం ఖాళీ ట్యాంకులో రాత్రిపూట పట్టే చెమ్మ, ఇవన్నీ నీటిబొట్లయి అడుగున చేరతాయి. పెట్రోలులో కలిపే ఇథనాలు చెమ్మను ఇంకా పీలుస్తుంది. దేశంలో ఆ మిశ్రమం 2022లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. పాత బండ్లున్నవాళ్ళు ట్యాంకు అడుగునీ, రబ్బరు గొట్టాలనీ ఏడాదికోసారైనా చూసుకోవడం మంచిది.

* * *

మాటు వేయడానికి అతను పిలుచుకొచ్చింది వెల్డరును కాదు, బుడితి వైపునుంచి ఒక ముసలాయనను. కంచు, ఇత్తడి పనికి మా జిల్లాలో బుడితి పెట్టింది పేరు. నా చిన్నతనంలో బిందెలకు మాట్లు వేస్తామంటూ వీధుల్లో తిరిగే కేకలు మీకూ గుర్తుండే ఉంటాయి. ఆ కేకలు పోయి, చేతులు మిగిలాయి. తగరం, సీసం కలిపిన మాటులోహం రెండు వందల డిగ్రీల లోపే కరుగుతుంది. పెట్రోలు ఆవిరి తనంతట తాను అంటుకోవడానికి రెండువందల యాభై డిగ్రీలైనా కావాలి. అయినా నిప్పుల్లోంచి తీసిన రాగి కడ్డీ అంతకంటే వేడిగానే ఉంటుంది. కాబట్టి కడగడం తప్పించుకోవడానికి ఇది మార్గం కాదు, మంటను ట్యాంకు దగ్గరికి రానివ్వకుండా ఉండటానికి మాత్రమే.

బొగ్గుల కుంపటి గోడ అవతల, గాలి వాలుకు దూరంగా, నలభై అడుగుల ఎడంలో పెట్టించాం. ట్యాంకును చిల్లులు పైకి వచ్చేలా బోర్లించి, మాటు వేసే చోటుకు రెండు వేళ్ళ కింది దాకా నీళ్ళు నింపి, లోపలి గాలి పోవడానికి ఒక దారి తెరిచి ఉంచాం. ఇక ఆవిరి నిలవడానికి జాగా ఎక్కడ? ముసలాయన తడి ఎమరీ గుడ్డతో రేకును తళతళలాడేలా రుద్దాడు. జింకు ముక్కలు వేసి చంపిన యాసిడు పూశాడు. కడ్డీ మొన నవాసారం బిళ్ళ మీద రాచి, పల్చని ఇత్తడి ముక్కను పరిచి, లోహాన్ని తేనెలా పారించాడు.

ఒకసారి "టప్" మని చప్పుడైంది. రేకు అంటిన నీటి తడి ఆవిరయింది, అంతే. కాని మెకానిక్కు నా భుజం పట్టి రెండడుగులు వెనక్కి లాగాడు. ఆ చెయ్యి వణుకుతోంది. అమ్మ అంతకుముందెప్పుడో ఇచ్చిన టీ గ్లాసు గోడ మీద అలాగే ఉంది. ముసలాయన కడ్డీని నీళ్ళ బకెట్లో ముంచి, "అయిపోనాది" అనేదాకా అతను దాన్ని ముట్టలేదు. అప్పుడు తీసుకుని, చల్లారిన టీ మొత్తం ఒక్క గుక్కలో తాగేశాడు.

* * *

ట్యాంకును నీళ్ళతో నింపి రాత్రంతా పాత పేపర్ల మీద ఉంచాం. పేపరు పొడిగానే ఉంది. బాగా ఆరనిచ్చి, కొత్త గొట్టాలూ, క్లిప్పులూ వేసి బిగించి, అయిదు లీటర్ల పెట్రోలు పోశాం. బ్యాటరీ తీగ అన్నిటికంటే చివర.

అప్పుడు నాన్నగారు లోపలికి వెళ్ళి ఒక సుద్దముక్క తెచ్చారు. మోకాళ్ళ నొప్పులు మరిచి నేల మీద కూర్చుని, మాటు చుట్టూ, అతుకు పొడవునా తెల్లగా రుద్దారు. ఏ కాస్త చెమ్మ తగిలినా సుద్ద రంగు మారుతుంది. ఆ రోజు, మర్నాడు, ఆ మర్నాడు, పొద్దున్నా సాయంత్రమూ టార్చి లైటుతో మెకానిక్కే వచ్చి చూశాడు. మూడోనాడు, "తెల్లగానే ఉన్నాది మాస్టారూ" అన్నాడు.

"ఎన్ని మార్కులు వేయమంటావు?" అన్నారు నాన్నగారు. అతను సిగ్గుపడి నవ్వాడు. ఆ తిట్టు సంగతి మళ్ళీ ఇద్దరూ ఎత్తలేదు. కాని అతను వెళుతుంటే నాన్నగారు గేటు దాకా సాగనంపారు. నేను చూడగా ఆయన గేటు దాకా వెళ్ళింది జిల్లా విద్యాశాఖాధికారి వచ్చినప్పుడు మాత్రమే.

ఒక్క మాట. ఇది చదివి ఎవరూ ఇంట్లో ప్రయత్నించకండి. కొత్త ట్యాంకు దొరికితే అదే వేయండి. దొరకకపోతే, "ఖాళీ చేశాంగా, ఏం కాదు" అనే మనిషి దగ్గరికి కాకుండా, "ముందు కడగాలి" అనే మనిషి దగ్గరికి వెళ్ళండి. వాసన లేదు కాబట్టి ఆవిరి లేదనుకోకండి. ఆ తప్పులో నేను అడుగు దూరం దాకా వెళ్ళి వచ్చాను, అదీ అనుమతి పత్రాల మీద సంతకాలు పెట్టే చేత్తో.

జూన్లో రిజిస్ట్రేషను అయింది. ఇనుము మాట నేనూ, అక్కా మళ్ళీ ఎత్తలేదు. శ్రీకాకుళం వెళ్ళినప్పుడల్లా చెప్పులు విప్పకముందే షెడ్డులోకి వంగి సుద్దగీత చూస్తాను.

ఆ మూడోనాటి సాయంత్రం అమ్మ వత్తి తడిపి ప్రమిదలో వేసి, అగ్గిపెట్టె చేత్తో పట్టుకుని, నావైపు కాదు, నాన్నగారివైపూ కాదు, గేటు దగ్గర స్కూటరు తీస్తున్న అతనివైపు తిరిగి అడిగింది:

"వెలిగించొచ్చా బాబూ?"

అతను స్కూటరు ఆపి, వెనక్కి వచ్చి, షెడ్డులోకి వంగి ఇంకొకసారి చూసి, అప్పుడు తలూపాడు.